ఎక్స్‌రేలో కనిపించని అతుకు



చెట్లెక్కే వయసు పిల్లలు, సైకిలు నేర్చుకునే పిల్లలు ఉన్న ఇంట్లో ఏదో ఒకనాడు చెయ్యో కాలో విరగడం వింత కాదు. ఆస్పత్రికి పరుగెత్తుతాం, పిండికట్టు వేయిస్తాం. ఆ తరువాత నెలా నెలన్నర పాటు ఇల్లంతా ఆ కట్టు చుట్టూనే తిరుగుతుంది. ఈ మధ్యలో మూడు నాలుగుసార్లు మనం ఒక నల్లటి ఫిల్మును కవరులోంచి తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అర్థమైనా కాకపోయినా చూస్తాం. "అతికిందా? అతకలేదా?" ఆ చూపులో ప్రేమ ఉంది, భయం కూడా ఉంది. ఈ వారం ఆ ఫిల్మునే మనం ధ్యానాంశంగా తీసుకుందాం. అది ఏమి చూపిస్తుందో, ఏమి చూపించలేదో తెలుసుకుందాం. విరిగినవి ఎముకలు మాత్రమే కావు గనుక, ఆ తెలివిడి మన ఇళ్ళకు కూడా అవసరం.

ఫిల్ము లేని రోజులు, ఫిల్ము వచ్చిన రోజులు

1521 మే 20న స్పెయిను దేశంలోని పాంప్లోనా కోటలో ఒక యువ సైనికుని కాలు ఫిరంగి గుండు దెబ్బకు విరిగింది. ఆయనే లొయోలా పునీత ఇగ్నేషియస్. మన ఊళ్ళలో ఇన్నయ్య, ఇన్నాసి అనే పేర్లు ఆయనవే. వైద్యులు ఎముకను సర్ది కట్టారు. అది సరిగా కుదరలేదని తరువాత గాని తెలియలేదు. మళ్ళీ విరిచి, మళ్ళీ కట్టారు. అప్పటికీ ఒక ఎముక ముక్క పైకి పొడుచుకుని రావడంతో దానిని రంపంతో కోయించుకున్నాడు. మత్తుమందు లేని కాలం అది. లోపల ఏమున్నదో చూసే సాధనం లేక ఆయన పడిన బాధ అంతా ఇంతా కాదు. అయినా మంచం పట్టిన ఆ నెలల్లోనే క్రీస్తు జీవితాన్ని, పునీతుల చరిత్రలను చదివి ఆయన మారాడు. కాలు అతుక్కుంటున్న సమయంలోనే లోపల మరొకటి అతుక్కుంది.

ఆ తరువాత 374 ఏళ్ళకు, 1895 నవంబరు 8న, జర్మనీలోని వూర్జ్‌బర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే ఆచార్యుడు కంటికి కనిపించని కొత్త కిరణాలను కనుగొన్నాడు. అవేమిటో తెలియలేదు కాబట్టి, లెక్కల్లో తెలియని దానికి పెట్టే అక్షరాన్నే పేరుగా పెట్టి 'ఎక్స్' కిరణాలు అన్నాడు. క్రిస్మసు ఇంకా మూడు రోజులుందనగా, డిసెంబరు 22న, తన భార్య చేతిని ఆ కిరణాలతో ఫోటో తీశాడు. వేళ్ళ ఎముకలు, వేలికున్న ఉంగరం అందులో కనిపించాయి. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి అందుకున్నది ఆయనే. అయినా ఆ కిరణాల మీద పేటెంటు తీసుకోలేదు. లోకమంతటికీ ఉపయోగపడాలని వదిలేశాడు. మన పిల్లవాని ఎక్స్‌రే అందుబాటు ధరలో దొరకడానికి వెనుక అటువంటి ఒక త్యాగం కూడా ఉందని మరువకండి.

ఆ వార్త లోకానికి తెలిసి నెలైనా నిండిందో లేదో, 1896 ఫిబ్రవరి 3న అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో ఒక పిల్లవాని చేతికి ఎక్స్‌రే తీశారు. గడ్డకట్టిన నది మీద ఆడుకుంటూ పడి మణికట్టు దగ్గర ఎముక విరగ్గొట్టుకున్న 14 ఏళ్ళ ఎడ్డీ మెక్‌కార్తీ ఆ బాలుడు. ఫోటో పడడానికి ఆ బాలుడు 20 నిమిషాలు చెయ్యి కదపకుండా ఉంచవలసి వచ్చింది. ఈనాడు మన పిల్లవానికి రెప్పపాటు చాలు. కనిపించని కిరణాల తొలి మేలు పొందినవారిలో చెయ్యి విరిగిన ఒక పిల్లవాడు ఉండటం నాకెంతో ముచ్చటగా అనిపిస్తుంది.

వారం వారం ఫిల్ము చెప్పే మాట

మొదటి రోజు ఫిల్ము ఎముక ఎక్కడ విరిగింది, ఎంత జరిగింది అని చెబుతుంది. వారం పది రోజులకు మరొకటి తీయిస్తారు. ఎందుకు? వాపు తగ్గేసరికి కట్టు వదులై, సర్దిన ఎముక లోలోపల పక్కకు జరిగే ప్రమాదం ఉంది. అప్పుడు తెలిస్తే సులువుగా సర్దవచ్చు. ఆలస్యమైతే వంకరగా అతుక్కుపోతుంది. "మొన్ననే తీశారు కదా, మళ్ళీ ఎందుకు, డబ్బు కోసమా?" అని ఆ ఫిల్మును ఎగ్గొట్టేవారు ఉన్నారు. పిల్లవాని చేతి గతిని మార్చగల ఫిల్ము ఒక్కోసారి అదే.

తరువాతి ఫిల్ము తల్లిదండ్రులను ఎక్కువగా భయపెడుతుంది. రెండు వారాల సమయంలో తీసిన ఫిల్ములో విరిగిన గీత మొదటి రోజుకంటే స్పష్టంగా, నల్లగా, వెడల్పుగా కనిపించవచ్చు. "అయ్యో, ఇంకా ఎక్కువైంది!" అని తల్లి గుండె జారిపోతుంది. నిజానికి అక్కడ జరుగుతున్నది వైద్యమే. విరిగిన అంచులలో చచ్చిన ఎముకను శరీరం ముందుగా తొలగిస్తుంది. ఆ పక్కనే కొత్త కణజాలం పుడుతూ ఉంటుంది. కాని అందులో ఇంకా కాల్షియం చేరలేదు కాబట్టి అది ఫిల్ము మీద పడదు. మంచి మొదలైంది, కంటికి మాత్రం చెడే కనబడుతోంది.

ఇంకొన్నాళ్ళకు విరిగిన చోటు చుట్టూ పలచటి మబ్బు తునకలా ఒక తెల్లని నీడ కనిపిస్తుంది. డాక్టర్లు దానిని క్యాలస్ అంటారు. అదే కొత్త ఎముక. మూడు నుండి ఆరు వారాలలో అది గట్టిపడుతుంది. పెద్దవారికంటే పిల్లలకు త్వరగా అతుకుతుంది. అయితే నొప్పి పోవడం వేరు, ఎముక అతకడం వేరు. "వాడు నొప్పి అనడం లేదు, కట్టు విప్పేద్దాం" అని ఇంట్లోనే కత్తెర పట్టుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. కట్టు తీసిన తరువాత కూడా కొన్ని నెలలు అదే చోట మళ్ళీ విరిగే అవకాశం ఉంది. డాక్టరు ఆటలు వద్దన్నంత కాలం వద్దనే అనుకోండి.

ఇంకొక్క సంగతి చెబుతాను. పిల్లల ఎక్స్‌రేలో ఎముక చివర ఒక నల్లని గీత కనిపిస్తుంది. అక్కడా విరిగిందేమోనని భయపడతాం. అది విరుగుడు కాదు. అది మృదులాస్థి, ఎముక పొడవు పెరిగే చోటు. పెద్దవాళ్ళమైన మన ఎముకల్లో ఆ గీత ఉండదు, మన ఎదుగుదల ముగిసింది కాబట్టి. మీ బిడ్డ ఫిల్ములో మిమ్మల్ని కంగారుపెట్టిన ఆ గీత దగ్గరే మీ బిడ్డ ఎదుగుతున్నాడు.

చూపించేది వేరు, నయం చేసేది వేరు

తత్త్వశాస్త్రంలో కారణానికీ సూచనకూ తేడా చెబుతారు. పొగ నిప్పుకు సూచన, కారణం కాదు. అలాగే ఎక్స్‌రే స్వస్థతకు సూచన మాత్రమే. పది ఫిల్ములు తీసినా ఎముక ఒక్క రోజు ముందు అతకదు. మరి అతికించేది ఎవరు? డాక్టరా? ఏ నిజమైన డాక్టరునైనా అడగండి, "నేను సరిగ్గా నిలిపి కట్టాను, అతికించింది నేను కాదు" అంటాడు.

పునీత తోమాసు అక్వినాసు గురువు శిష్యునికి ఎలా నేర్పుతాడో వివరించేటప్పుడు వైద్యుని ఉదాహరణగా తీసుకున్నాడు. నయం చేసే శక్తి రోగి లోపలే ఉంది. వైద్యుడు బయటినుండి ఆ శక్తికి పరిచారకుడు. ఆ శక్తిని లోపల ఉంచినవాడు సృష్టికర్త. కీర్తనకారుడు 139వ కీర్తనలో దేవుని ఎదుట ఒప్పుకునేది ఇదే. తల్లి గర్భంలో, ఎవరూ చూడని చోట తాను రూపొందుతున్నప్పుడు తన ఎముకలు ఆయనకు మరుగై లేవని ఆ భక్తుడు విశ్వసించాడు. పిండికట్టు కింద చీకటిలో కూడా అదే చెయ్యి పని చేస్తోంది.

కాబట్టి రెండు తప్పుదారులున్నాయి. ఒకటి, ఫిల్మును అసలు చూడకపోవడం. "ప్రార్థన చేయించాం, నూనె రాశాం, చాలు" అనడం విశ్వాసం కాదు. సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చదవండి. వైద్యుని గౌరవించమని, ఆయనను కూడా దేవుడే కలుగజేశాడని, జబ్బు చేసినప్పుడు ప్రార్థించమని, తరువాత వైద్యునికి చోటివ్వమని ఆ గ్రంథం బోధిస్తుంది. పుత్తూరు కట్టు పేరు తెలియని ఇల్లు మన తెలుగు నేలమీద అరుదు. తరతరాల ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. కాని కట్టు ఎవరు కట్టినా, ముందు ఫిల్ము తీయించి ఎముక స్థితి తెలుసుకోండి. కట్టు బిగుసుకుపోయి పిల్లవాని వేళ్ళు నీలంగా మారినా, మొద్దుబారినా, వేళ్ళు చాపితే భరించలేని నొప్పి అన్నా, ఒక్క గంట కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. తెల్లవారనిద్దాం అనుకుంటే చెయ్యే పోవచ్చు.

రెండవది, భయం తీరడానికి మళ్ళీ మళ్ళీ చూడాలనుకోవడం. వారం తిరగకుండా మూడు చోట్ల మూడు ఫిల్ములు తీయించేవారున్నారు. చేతికి తీసే ఒక ఎక్స్‌రేలో రేడియేషన్ చాలా తక్కువ. మన చుట్టూ ఉన్న మట్టి, రాయి, ఆకాశం నుండి ప్రతి మనిషికీ సహజంగా కొద్ది గంటలలో అందే రేడియేషన్‌తో అది సమానం. కనుక డాక్టరు అవసరమని చెప్పిన ఫిల్ముకు జంకవద్దు. అయితే పిల్లల విషయంలో అవసరమైనంతే, వీలైనంత తక్కువ అన్నది వైద్యలోకం పాటించే నియమం. పాత ఫిల్ములు పారేయక వెంట తీసుకెళ్ళండి, తీసినదే మళ్ళీ తీయించవలసిన పని ఉండదు. గర్భవతి అయిన తల్లి బిడ్డను పట్టుకుని ఆ గదిలో నిలబడకూడదు. వేరొకరు సీసపు ఆప్రాను వేసుకుని పట్టుకోవాలి. కట్టును ప్రతి గంటకూ విప్పి చూస్తే అతుకు పడనట్టే, దేవుని పనిని ప్రతి పూటా తవ్వి చూస్తే మనశ్శాంతి నిలవదు.

చెయ్యి అతికింది, మరి ఇల్లు?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన విచారణలలో తండ్రులు కువైటులోనో దుబాయిలోనో కష్టపడుతుంటే, తల్లులు అత్తగారితో కలిసి పిల్లలను పెంచుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఒక కుటుంబం సంగతి, వారి అనుమతితోనే, పేర్లు లేకుండా చెబుతున్నాను.

ఎనిమిదేళ్ళ బాబు జామచెట్టు మీదనుండి పడ్డాడు. ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. తల్లి ఆ సమయానికి రేషను దుకాణం దగ్గర వరుసలో ఉంది. ఆస్పత్రి నుండి ఇంటికి రాగానే నాయనమ్మ, "కన్న బిడ్డను కనిపెట్టుకోలేని దానివి, నువ్వేం తల్లివి" అన్నది. రాత్రి ఫోనులో భర్త కూడా దాదాపు అదే మాట అన్నాడు. దూరాన ఉన్నవాడు, ఏమీ చేయలేనివాడు, భయం కోపమైంది. ఆమె బదులు చెప్పలేదు. రెండు వారాల ఫిల్మును ఫోనులో భర్తకు పంపింది. అందులో నల్లని గీత మొదటిదానికంటే వెడల్పుగా ఉంది. "చూశావా, ఇంకా పాడుచేశావు" అన్నాడు. అది ఎముక బాగుపడుతున్న గుర్తని డాక్టరు చెప్పినా అతని చెవికెక్కలేదు. ఆ రోజునుండి ఆమె భర్త ఫోను తీయడం మానేసింది.

ఆరవ వారం కట్టు తీశారు. చెయ్యి చక్కగా అతికింది. బాబు నాకు చూపించడానికి పూజ తరువాత పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెనుకే తల్లి వచ్చింది. "వాడి చెయ్యి బాగైంది ఫాదర్ గారూ, నాకే ఇంకా బాగవలేదు" అన్నది. ఆ ఒక్క మాటలో ఒక ఎక్స్‌రే ఉంది.

ప్రియులారా, బిడ్డ కింద పడగానే మనం మొదట వెదికేది ఎముకల డాక్టరును కాదు, తప్పు చేసినవారిని! "ఎవరు చూసుకోవలసింది? ఎవరు చెట్టెక్కనిచ్చారు?" విరిగిన ఎముకను కదపకూడదని అందరికీ తెలుసు. విరిగిన మనసును మాత్రం రోజుకు పదిసార్లు కదిపి, పొడిచి, "ఇంకా నొప్పిగా ఉందా?" అని అడుగుతాం. నింద అనేది అతకవలసిన ఎముకను ఊపడం వంటిది. ఊపుతూ ఉంటే నెలలు గడిచినా అతుకు పడదు.

పునీత పౌలు గలతీయులకు వ్రాసిన లేఖ 6వ అధ్యాయం ఆరంభంలో, ఎవరైనా తప్పులో చిక్కుకుంటే సౌమ్యమైన మనసుతో వారిని సరిచేయమని, ఒకరి భారం ఒకరు మోయమని బోధిస్తాడు. సరిచేయడానికి అక్కడ వాడిన గ్రీకు మాట 'కతర్తీజో'. పూర్వపు గ్రీకు వైద్యులు తొలగిన ఎముకను దాని చోట సర్దడాన్ని చెప్పడానికి ఆ మాటను వాడేవారు. మార్కు సువార్త 1వ అధ్యాయంలో జెబదాయి కుమారులు పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు చూడండి, అక్కడా అదే మాట. చిరిగిన వలను కోపంతో లాగితే ఏమవుతుందో మన సముద్రతీరపు విచారణలవారికి నేను చెప్పనక్కరలేదు. మెల్లగా, కన్ను కన్నుకూ వెదికి కలపాలి. తొలగిన ఎముకను సర్దే చెయ్యి గట్టిదై ఉండాలి, కాని మెత్తగా తాకాలి. ఇంట్లో మందలించే నోరు కూడా అటువంటిదే కావాలి.

ఆ కుటుంబం ఏమైందని అడుగుతారు. కొన్ని వారాల తరువాత అతడు తల్లి ఫోనుకు చేసి, భార్యను పిలవమని, "అది నీ తప్పు కాదు, నేను భయపడి అన్నాను" అన్నాడట. నాయనమ్మ నోటితో ఏమీ అనలేదు గాని, ఆ ఆదివారం కోడలి పక్కన కూర్చుని జపమాల చెప్పింది. అంతా అతికిపోయిందని నేను చెప్పను. మబ్బు తునకలాంటి ఆ తెల్లని నీడ కనిపించింది, అంతే. అది చాలు. అది కనిపించాక కావలసింది కదపకుండా ఉండటమే.

ఏది ఎదుగుదలకు వదలాలి, ఏది ఇప్పుడే సర్దాలి

ఎముకల వైద్యం తల్లిదండ్రులకు మరొక పాఠం కూడా నేర్పుతుంది. చిన్న పిల్లల ఎముక కాస్త వంగి అతికినా, డాక్టరు కొన్నిసార్లు "ఫరవాలేదు, ఎదిగే కొద్దీ తిన్నగా అవుతుంది" అంటాడు. అది నిర్లక్ష్యం కాదు. కొద్దిపాటి వంపును ఎదుగుదలే నెలల మీద, సంవత్సరాల మీద సరిచేస్తుంది. పిల్లవాడు ఎంత చిన్నవాడైతే, విరిగినది ఎదిగే చోటుకు ఎంత దగ్గరైతే, అంత బాగా సరవుతుంది. కాని ఎముక మెలితిరిగి అతికితే ఎదుగుదల దానిని సరిచేయదు. దానిని మొదట్లోనే సర్దాలి.

పిల్లల పెంపకంలోనూ ఈ రెండు రకాలున్నాయి. అల్లరి, పరుగు, చెట్లెక్కడం, పుస్తకం పారేసుకోవడం, పూజలో కునికిపాట్లు వంపులు మాత్రమే. ప్రతి దానికీ బెత్తం తీయకండి, ఎదుగుదలకు వదలండి. అబద్ధం, బలహీనుని ఏడిపించడం, ఇంట్లో పనిచేసేవారిని నీచంగా పిలవడం మెలికలు. "చిన్నవాడు కదా, వాడే తెలుసుకుంటాడు" అని వాటిని వదిలితే మెలికతోనే గట్టిపడతాడు. ఏది వంపు, ఏది మెలిక అని తెలుసుకునే వివేకాన్ని ప్రభువును అడగండి. మందలించిన తరువాత మాత్రం డాక్టరులా ఉండండి. సర్దారు, కట్టారు, ఇక కాలానికి, దేవునికి వదలండి.

ఇంటివారికి నాలుగు మాటలు

ఈ వారం ప్రతి కుటుంబం రాత్రి ప్రార్థన తరువాత ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. ఆత్మశోధన అంటే మనసుకు తీసుకునే ఎక్స్‌రే. మన ఇంట్లో ఎక్కడ విరిగింది? నేనన్న ఏ మాట ఇంకా ఎవరి లోపల కదులుతోంది? దొరికితే, దానిని పాపసంకీర్తనంలో దేవుని ముందు ఉంచండి. తరువాత ఆ మనిషి ముందు కూడా ఉంచండి. నిజం చెప్పిన మొదటి రోజుల్లో గాయం ఇంకా పెద్దదిగా కనిపించవచ్చు. కంగారు పడకండి, రెండు వారాల ఫిల్మును గుర్తు తెచ్చుకోండి.

బిడ్డకు చెయ్యి విరిగితే, ఆ రాత్రి ఎవరినీ నిందించబోమని భార్యాభర్తలు ముందే ఒక మాట అనుకోండి. కట్టుతో బడికి వెళ్ళలేని పొరుగు పిల్లవాని ఇంటికి మీ పిల్లలను నోటు పుస్తకాలతో పంపండి. డాక్టరు చెప్పిన తేదీకి ఫిల్ము తీయించండి, చెప్పని తేదీకి మానండి. మధ్యలో ఉన్న రోజులను దేవునికి అప్పగించండి.

సిలువ మీద మన ప్రభువు ఎముకలలో ఒక్కటీ విరవబడలేదని పునీత యోహాను సాక్ష్యమిచ్చాడు. ఆయన హృదయం మాత్రం ఈటెతో తెరవబడింది. తెరవబడిన ఆ హృదయంలో, విరిగిన మన ఇళ్ళన్నింటికీ అతుకు ఉంది. చీకటిలో, మన కంటికి అందని చోట, ఓపికగా పనిచేసే ఆ ప్రభువు మీ బిడ్డల ఎముకలను బలపరచి, మీ కుటుంబాలను ఒక్కటిగా అతికి, దీవించును గాక. ఆమెన్.